వదులు దారం లెక్క

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలుస్తుంది. అలాంటి ఏటి మొగల్లో విసురు వల వేసేటప్పుడు చూసేవాళ్ళ కళ్ళన్నీ గుండ్రంగా విచ్చుకునే వల మీదే ఉంటాయి. పనితనమంతా మణికట్టుకు కట్టుకున్న తాడులో ఉంది. దాన్ని వదులు చుట్టలుగా చేతిలో పట్టుకుంటారు. వల ఎగిరినప్పుడు ఆ చుట్టలు ఒకదాని వెంట ఒకటి జారిపోవాలి. ఒక్కటి మెలిపడినా తాడు వలను వెనక్కి గుంజేస్తుంది, వల సగం విచ్చుకుని నీళ్ళలో పడుతుంది.

ఫ్లై ఫిషింగ్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మామూలు గాలానికైతే సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఈకలతో పురుగులా కట్టిన ఎరకు బరువే ఉండదు, లావుపాటి దారమే బరువు. కర్ర ఊపుతో గాలిలోకి లేచిన ఆ లావు భాగం, వేటగాడి కాళ్ళ దగ్గర వదులుగా పడి ఉన్న సన్న దారాన్ని తన వెంట లాక్కుపోవాలి.

అమెరికాలో ఏర్పడిన ప్రమాణం ప్రకారం 8వ నంబరు దారంలో మొదటి 9.14 మీటర్ల బరువు 13.6 గ్రాములు. వెనకనున్న సన్న దారం మీటరుకు 1 గ్రాము తూగుతుందనుకుందాం. అది 10 మీటర్లు బయటికి పోయేసరికి కదిలే బరువు 23.6 గ్రాములవుతుంది. ద్రవ్యవేగం కొత్తగా ఎక్కడినుంచీ రాదు. కాబట్టి గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా వేగం 58 శాతానికి పడిపోతుంది. దారం నీళ్ళ మీద పడి ఉంటే తలతన్యత కూడా పట్టి ఉంచుతుంది. దాన్ని ఊడదీయడానికి మరికొంత వేగం ఖర్చు. భుజబలం పెంచుకునే ముందు దారం ఎలా పరుచుకుని ఉందో చూసుకోవాలని నేననేది ఇందుకే.

అలల్లో నిలబడి వేసేవాళ్ళు నడుముకు బుట్ట కట్టుకుని దారాన్ని అందులో జారవిడుస్తారు. అడుగున నిలువుగా ఉండే చిన్న కొమ్ములు చుట్టల్ని విడివిడిగా ఉంచుతాయి. చేత్తోనే పట్టుకునేవాళ్ళు మొదట పెద్ద చుట్టలు, పోనుపోను చిన్నవి వేస్తారు. చివర వేసిన చిన్న చుట్టే ముందు బయల్దేరుతుంది, పెద్దదానిలో దూరి ముడిపడదు. ఒకే వైపు చుడుతూ పోతే ఒక్కో చుట్టకు దారంలో ఒక పూర్తి మెలిక చేరుతుంది. 8 అంకె ఆకారంలో చుడితే ఒక మెలికను పక్కది విప్పేస్తుంది.

ఈ చిక్కుకు యంత్రం ద్వారా జవాబు వస్త్ర పరిశ్రమ నుంచి వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లులు నడిపిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్, కదలని కండె కొస నుంచి పోగు జారిపోయే పద్ధతినే గాలానికి తెచ్చి 1905లో పేటెంటు పొందాడు. కండె తిరగదు కాబట్టి దారం మాత్రమే కదిలితే చాలు. 1898 నుంచి ఆంగ్లో-ఫ్రెంచ్ మిల్లు నడిచిన పుదుచ్చేరిలో ఈ కిటుకు మిల్లు కార్మికులకు తెలిసిందే.

పుదుచ్చేరి బీచ్ రోడ్డు వెంట ఉన్నది రాతిగట్టు. 1980ల చివర్లో ఏటి మొగ దగ్గర రేవు గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు అడ్డు పడి, ఊరి ముందున్న తీరం కోసుకుపోయింది. రాళ్ళ సందుల్లో వదులు దారం ఇట్టే ఇరుక్కుంటుంది. చిక్కుపడ్డ నైలాన్ ముక్కను కోసి అక్కడే పడేయకండి. పక్షుల కాళ్ళకు, ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ మెడకు అదే ఉరి అవుతుంది. చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళండి.