టిక్స్ ఉన్న పిల్లలకు మందులు

టిక్ అంటే హఠాత్తుగా, పదేపదే వచ్చే కదలిక లేదా శబ్దం. కళ్లు టపటపలాడించడం, భుజం ఎగరేయడం, ముక్కు ఎగబీల్చడం, ఊరికే గొంతు సవరించుకోవడం ఎక్కువగా కనిపిస్తాయి. కళ్లు ఆర్పే పిల్లల్ని ముందు కంటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్తారు. ఇవి సాధారణంగా 4-6 ఏళ్ల మధ్య మొదలై, 10-12 ఏళ్లకు బాగా ముదిరి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడతాయి. పలు రకాల కదలికలు, వాటితోపాటు కనీసం ఒక శబ్దం ఏడాదికి మించి ఉంటే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల వివరాలు ప్రచురించిన ఫ్రెంచి వైద్యుడి పేరు అది.

టిక్స్ ఉన్నంత మాత్రాన మందు అక్కర్లేదు. మెడ విదిలించి విదిలించి నొప్పి పుట్టినా, నోట్సు రాసుకోవడం కుదరకపోయినా, తోటి పిల్లల వెక్కిరింపులతో బడికి పోనని మొండికేసినా అప్పుడు ఆలోచించాలి. చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉందన్నది కారణం కాదు. మందుకన్నా ముందు ప్రవర్తనా చికిత్స ప్రయత్నించాలని 2019లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ సూచించింది. టిక్ రాబోయే ముందు లోపల ఒక సలపరం లాంటిది పుడుతుంది. దాన్ని పసిగట్టి, ఆ కదలికకు వీలివ్వని మరో కదలికను అలవాటు చేయడమే ఈ చికిత్స. చిక్కల్లా ఇందులో శిక్షణ ఉన్నవాళ్లు దొరకడమే.

మందుల్లో చాలాచోట్ల ముందుగా ఇచ్చేవి క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్. రెండూ రక్తపోటు మందులే. టిక్స్‌తోపాటు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉన్న పిల్లలకు ఇవి మరింత నప్పుతాయి. క్లోనిడిన్‌తో మగత వస్తుంది కాబట్టి రాత్రి పూట కొద్ది మోతాదుతో మొదలుపెడతారు. దీన్ని ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు ఉన్నపళంగా పెరగొచ్చు. ఊరెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోవడం చిన్న విషయం కాదు.

వీటికన్నా బలమైనవి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందులు. 1961లో యూరప్‌లో హాలోపెరిడాల్‌తో ఫలితం కనిపించాక, అంతదాకా మానసిక సంఘర్షణగా చూసిన ఈ జబ్బును మెదడుకు సంబంధించినదిగా చూడటం మొదలైంది. అయితే హాలోపెరిడాల్‌తో కండరాలు బిగుసుకోవడం, మందకొడితనం ఎక్కువ. పిమోజైడ్ గుండె లయను దెబ్బతీయగలదు. దాంతో క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ కలిస్తే ప్రాణాపాయం. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న అరిపిప్రజోల్‌ను అమెరికాలో 2014లో టూరెట్‌కు అనుమతించారు. 2 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ఆకలి, బరువు, నిద్రమత్తు పెరగడం, కాలు నిలవని అస్థిమితం దీని దుష్ఫలితాలు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ టిక్స్‌ను పెంచుతుందన్న భయం చాలాకాలం ఉండేది. 2002లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో అలా జరగలేదు.

మందు పనిచేసిందో లేదో తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. టిక్స్ వాటంతటవే కొన్ని వారాలు పెరిగి, కొన్ని వారాలు తగ్గుతాయి. తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి పరుగెత్తేది బాగా పెరిగినప్పుడే. ఆ తర్వాత సహజంగా తగ్గినా ఆ ఘనత మాత్రకే పోతుంది. అందుకే అనుభవమున్న వైద్యులు వారం వారం మోతాదు మార్చరు. పూర్తిగా పోవాలని కూడా చూడరు. పిల్లల రోజు సాఫీగా గడిస్తే చాలంటారు. కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక మందును అంచెలంచెలుగా తగ్గిస్తారు, అదీ పరీక్షలప్పుడు కాకుండా సెలవుల్లో. డోపమైన్‌ను అడ్డుకునే మందులు ఆపిన కొత్తలో కదలికలు కొన్నాళ్లు పెరగొచ్చు. అది జబ్బు తిరగబెట్టడమే కానక్కర్లేదు.