ఫ్రాంజ్ ఫానన్: భాష, బడి, మనసు

మనోవ్యాధి మూలాల్ని బాల్యంలో, కుటుంబంలో వెతకడం ఫ్రాయిడ్ చూపిన పద్ధతి. ఆ వెతుకులాటను బడి దాకా, వలస పాలన దాకా తీసుకెళ్లినవారిలో మానసిక వైద్యుడు ఫ్రాంజ్ ఫానన్ ముఖ్యుడు.

ఆయన 1925లో, ఫ్రెంచి పాలనలో ఉన్న కరీబియన్ దీవి మార్టినిక్‌లో పుట్టాడు. అక్కడ వీధిలో స్థానిక మిశ్రభాష క్రియోల్, బడిలో ఫ్రెంచి. నల్లజాతి పిల్లలు తమ పూర్వీకులు ఫ్రాన్సు ప్రాచీనవాసులైన గాల్ జాతివారని పాఠం వల్లెవేసేవారు. టార్జాన్ సినిమాకెళ్తే తెల్లజాతి వీరుడైన టార్జాన్ పక్షమే. అదే సినిమా యూరప్‌లో చూస్తే మాత్రం, హాల్లోని తెల్లవాళ్లు నల్ల కుర్రాణ్ణి తెరమీది అడవి మనుషుల్లో కలిపేస్తారు.

1952లో వచ్చిన ఆయన పుస్తకం 'నల్ల చర్మం, తెల్ల ముసుగులు' మొదటి అధ్యాయం భాష గురించే. మార్టినిక్‌వాళ్లు 'ర' మింగేస్తారన్న ఎగతాళికి భయపడి, ఫ్రాన్సు వెళ్లిన కుర్రాడు ఆ అక్షరాన్ని పనిగట్టుకుని సాధన చేస్తాడు. తిరిగొచ్చాక క్రియోల్ మరిచిపోయినట్టు నటిస్తాడు. దాన్ని ఉత్త డాబని ఫానన్ కొట్టిపారేయలేదు. పాలకుల భాష ఎంత బాగా వస్తే అంత మనిషివని నేర్పిన వ్యవస్థ పెట్టిన జబ్బుగా చూశాడు. అద్దంలో తన రూపం చూసుకునే బిడ్డలో 'నేను' ఏర్పడుతుందన్న ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ సిద్ధాంతంలోకి రంగు ప్రశ్నను తెచ్చాడు. నల్లజాతి స్త్రీలపై రాసిన అధ్యాయం మాత్రం బలహీనం. స్త్రీవాదులు దాన్ని తప్పుపట్టడం సమంజసమే.

1953లో ఫానన్ ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో బ్లిడా మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడ ఆయన మొదలుపెట్టిన, రోగులే సభలు, పండగలు, పత్రిక నడుపుకొనే చికిత్స యూరోపియన్ స్త్రీల వార్డులో చక్కగా పనిచేసింది. 220 మంది ముస్లిం పురుషుల వార్డులో బెడిసికొట్టింది. వైద్యుడికి అరబిక్ రాదు, దుబాసీ కావాలి. రోగుల్లో చాలామందికి చదువు రాదు, పత్రిక ఎవరికి? తప్పు రోగులది కాదు, వాళ్ల జీవితం తెలుసుకోకుండా ఫ్రెంచి పద్ధతిని రుద్దిన తమదేనని ఫానన్, సహచరుడు అజూలే 1954లో రాశారు. తరవాత అదే ఆసుపత్రిలో అరబ్బుల తరహా కాఫీ హోటల్ వెలిసింది, ముస్లిం పండగలు జరిగాయి, కథకుడు వచ్చాడు.

1956లో ఫానన్ ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి అల్జీరియా విమోచనోద్యమంలో కలిసిపోయాడు. మరణించిన ఏడాదే, 1961లో, వెలువడిన చివరి పుస్తకంలో యుద్ధకాలపు రోగుల వివరాలున్నాయి. హింసకు గురైనవాళ్లతోపాటు హింసించినవాళ్లూ వారిలో ఉన్నారు. ఖైదీలను చిత్రహింస పెట్టే ఒక పోలీసు అధికారి ఇంట్లో భార్యాపిల్లల్నీ కొట్టసాగాడు. అతను వైద్యం కోరింది ఆ పని మానడానికి కాదు, మనస్సాక్షి నొప్పి లేకుండా కొనసాగించడానికి.