చార్మినార్‌కేనా... గాజు ఒకటి పట్టుకెళ్లండి!

లక్డీకాపూల్ పరిసరాల్లో బస చేసి చార్మినార్ చూడాలనుకుంటున్నారా? అయితే కారు వదిలేయండి, పాతబస్తీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అంతే సంగతులు! లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కణ్నుంచి ఆటో చాలు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ చుట్టూ ఇప్పటికీ రోజూ నమాజులూ బేరాలూ సాగుతూనే ఉంటాయి. చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ రెంటికీ అడ్డు కాకూడదు. మక్కా మసీదుకి నిక్కర్లతో వెళ్లొద్దు, భుజాలూ మోకాళ్లూ కప్పే దుస్తులుండాలి. చెప్పులు విడవాలి. శుక్రవారం మధ్యాహ్నం అటు వెళ్లకపోవడమే మంచిది. ప్రార్థన చేసుకునేవాళ్ల ముఖాలమీదికి కెమెరా పెట్టడం అస్సలు మర్యాద కాదు.

ఇక, ఆడవాళ్ల అడుగులు ఆగేది లాడ్‌బజార్‌లోనే. లక్కను నిప్పులమీద మెత్తబరిచి, గాజుగా వంచి, రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అతుకుతారు. 2024లో ఈ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. బేరమాడండి, తప్పులేదు. కానీ పాతిక డబ్బాలు తీయించి, జత చేతికెక్కించుకుని, చివరికి ఇరవై రూపాయల దగ్గర లేచి వచ్చేస్తే ఆ కొట్టతను ఏమనుకోవాలి? అన్నట్టు, కొలత తెలియకపోతే ఇంట్లో గాజు ఒకటి వెంట తీసుకెళ్లండి.

చాలామంది ఫొటో దిగేసి వెనక్కి వచ్చేస్తారు. ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే నాలుగు కమాన్లూ, వాటి నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెనూ కనిపిస్తాయి. పొద్దున్నే వెళితే వాటిని తీరిగ్గా చూసి, ఓ ఇరానీ చాయ్ తాగేసరికి గాజుల కొట్లు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటాయి.