కనీస జీతం పెరిగితే ఉద్యోగాలు పోతాయా? ఖతర్ ఏం చెబుతోంది

నిజామాబాద్, జగిత్యాల, కడప వైపు మన కుటుంబాల్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. నెలనెలా అక్కడి నుంచి వచ్చే డబ్బుతోనే పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి, చెల్లెలి షాదీ అన్నీ నడుస్తాయి. అందుకే అక్కడి కనీస వేతనం మన ఇంటి విషయమే. కానీ జీతం పెంచాలని అంటే చాలు, వెంటనే ఒక మాట వినిపిస్తుంది: "ఎక్కువ అడిగితే మనల్ని వదిలేసి వేరే దేశం వాళ్లను పెట్టుకుంటారు."

ఇందులో నిజమెంత?

2020 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ వెళ్లే మనవాళ్లకు తాను నిర్ణయించే కనీస జీతాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. ఉద్యోగాలు కాపాడటానికే ఇలా చేశామని చెప్పింది. ఖతర్‌కు పెట్టిన రేటు నెలకు 200 డాలర్లు. ఖతర్ మాత్రం ఎదురు దారిలో వెళ్లింది. 2021 మార్చి నుంచి ఏ దేశం వాళ్లకైనా, ఇంటి పనివాళ్లకు కూడా, 1,000 రియాళ్ల బేసిక్ తప్పనిసరి చేసింది. యజమాని భోజనం పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. 1,000 రియాళ్లంటే దాదాపు 275 డాలర్లు. అంటే మనవాళ్ల కష్టానికి మన ప్రభుత్వం కట్టిన రేటు కంటే ఖతర్ కట్టిన రేటే ఎక్కువ! తెలంగాణ హైకోర్టులో పిల్ పడ్డాక, 2021లో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం ఖతర్ చట్టంతో 2,80,000 మంది బేసిక్ పెరిగింది. వరల్డ్ కప్ పనులు జోరుగా ఉండటం కూడా అప్పుడు కలిసొచ్చిందనేది నిజమే.

ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందని కామర్స్ క్లాసులో చదువుకున్నాం. కానీ పని మారే దారి లేనప్పుడు కఫీల్ ఎంతంటే అంతే జీతం. ఒక కార్మికుడి పని వల్ల యజమానికి 1,500 రియాళ్లు వస్తున్నాయి, అతని చేతికి 700 ఇస్తున్నాడు అనుకుందాం. 1,000 ఇచ్చినా యజమానికి మిగులే, ఇక ఎందుకు తీసేస్తాడు? 1992లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. అయినా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో ఉద్యోగాలు తగ్గలేదని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ లెక్కలు తీసి చూపించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

యజమానికీ లాభం ఉంది. మంచి జీతం ఇచ్చే కంపెనీని, కూలీ కోసి తక్కువ రేటుకు టెండర్ వేసేవాడు దెబ్బతీయలేడు. పనివాళ్లు మాటిమాటికీ మానేయరు కాబట్టి కొత్తవాళ్లకు పని నేర్పే ఖర్చూ తగ్గుతుంది. అయితే పెంపుకు హద్దు ఉండాలి. చిన్న దుకాణం తట్టుకోలేనంత పెంచితే యజమాని ఒకరిని తీసేస్తాడు, లేదా పని గంటలు కోస్తాడు.

చివరగా ఒక జాగ్రత్త. ఇంట్లోవాళ్లు ఖతర్ బయల్దేరుతుంటే కాంట్రాక్టులో "మొత్తం జీతం" చూసి సంతోషపడకండి, బేసిక్ ఎంతో చూడండి. 1,000 కంటే తక్కువ ఉంటే అది చట్టవిరుద్ధం. తిరిగి వచ్చేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే లెక్క కడతారు, ఏడాదికి కనీసం మూడు వారాల చొప్పున. ఇవాళ బేసిక్‌లో పోయిన వంద రియాళ్లు, పదేళ్ల తర్వాత కూడా పోయినట్టే.