అణువుల ఉయ్యాల

"అమ్మా, అణువులు ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయట కదా, ఎవరు చూశారు?" నేను పప్పుకి తాలింపు వేస్తుంటే మా అమ్మాయి అడిగింది. కెమిస్ట్రీతో డిగ్రీ చేసిన నేను "అంత వేగాన్ని ఎవరు చూడగలరే!" అనేశాను. మనసొప్పక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, నేను చెప్పింది తప్పని.

సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకను. అణువు ఒకసారి ఊగడానికి పట్టేది పదులు, వందల ఫెమ్టోసెకన్లే. ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్ 1980ల చివర్లో అమెరికాలోని కాల్టెక్‌లో అంత పొట్టి లేజర్ మెరుపులనే వాడారు. మొదటి మెరుపు అణువును కదిలిస్తుంది. కాస్త ఆగి వచ్చే రెండోది, అప్పుడది ఎలా ఉందో పట్టిస్తుంది. ఆ ఎడం మారుస్తూపోతే కదలికంతా సినిమా రీలులా తెలుస్తుంది. సోడియం అయొడైడులో రెండు పరమాణువులు దూరమవుతూ, మళ్లీ దగ్గరవుతూ ఉండటం అలాగే చూశారు. 1999లో ఆయనకు నోబెల్ వచ్చింది.

చూడటమే కాదు, అదుపూ చేయొచ్చు. అట్లతద్ది ఉయ్యాల గుర్తుందా? లయ చూసి తోస్తే పైకి లేస్తుంది, ఎదురు తోస్తే ఆగిపోతుంది. వరుసగా పంపే మెరుపులు ఊపు లయకు కలిసినా అంతే! 1990లో ఒక స్ఫటికంలోని అణువులతో ఇలా చేసి చూపించారు.

"నిన్న నేను తప్పు చెప్పానే" అనడానికి కాస్త నామోషీగానే అనిపించింది. అమ్మాయి మాత్రం "అయితే మళ్లీ చెప్పు" అంటూ పక్కన చేరింది. పెళ్లయ్యాక అటకెక్కిన నా కెమిస్ట్రీ ఆ రాత్రి కిందికి దిగింది.