విడాకులు - మనోవర్తి

వివాహబంధం తెగినప్పుడు గాని, ఆ వ్యాజ్యం నడుస్తున్నప్పుడు గాని దంపతులలో ఒకరు మరొకరి పోషణార్థం చెల్లించే సొమ్మును మనోవర్తి అంటారు. దీనికే భరణం అని కూడా పేరు. పూర్వం వితంతువులకు జీవనాధారంగా ఇచ్చే దానికి కూడా ఈ మాటే వాడేవారు. భారతదేశంలో హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం విడాకులు పొందేవారి ఆర్థిక హక్కులు ఈ వ్యాసంలో ముఖ్య విషయం.

విడాకుల మార్గాలు

క్రూరత్వం, రెండేళ్ళకు తక్కువ కాని పరిత్యాగం వంటి కారణాలు చూపి 13వ సెక్షను కింద ఒకరే దావా వేయవచ్చు. ఇద్దరికీ సమ్మతమైతే 1976 సవరణతో చేరిన 13-బి సెక్షను వర్తిస్తుంది. అందుకు ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. అర్జీ పెట్టిన ఆరు నెలల తరువాత ఇద్దరూ మరల కోర్టును కోరాలి. తగిన సందర్భాలలో ఈ ఆరు నెలల గడువును సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆస్తి ఎవరిది?

చాలామంది పొరబడేది ఇక్కడే. దంపతుల ఆస్తిని విడాకుల సమయంలో చెరిసగం చేసే నిబంధన హిందూ వివాహ చట్టంలో లేదు. భర్త తన సంపాదనతో తన పేరున కొన్న ఇల్లు సాధారణంగా భర్తదే అవుతుంది. గృహహింస చట్టం (2005) భార్యకు ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు ఇచ్చింది గాని, యాజమాన్యం ఇవ్వలేదు. ఇంటి పనికి, పిల్లల పెంపకానికి ధారపోసిన ఏళ్ళకు రిజిస్ట్రేషను కాగితంలో చోటు లేదు. మనోవర్తి ఆ లోటును కొంతవరకే పూడుస్తుంది.

స్త్రీధనం సంగతి వేరు. పుట్టింటివారు పెట్టిన నగలు, పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసి ఇచ్చిన భూమి, బంధుమిత్రుల కానుకలు పూర్తిగా ఆమెవే. అవి అత్తవారి బీరువాలో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి కావని సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో, విడాకులు పొందిన కుమార్తె అధికారం ఇవ్వనిదే ఆమె స్త్రీధనాన్ని తండ్రి సైతం అడగజాలడని అదే కోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. కాబట్టి పెళ్ళినాటి నగల రశీదులు, ఫొటోలు, కానుకల జాబితా భద్రపరచుకోవడం అవసరం.

మనోవర్తి నిర్ణయం

వ్యాజ్యం నడిచే కాలానికి 24వ సెక్షను, శాశ్వత భరణానికి 25వ సెక్షను వర్తిస్తాయి. ఈ రెండింటి కింద భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. మధ్యంతర అర్జీని నోటీసు అందిన అరవై రోజులలో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో జాప్యం తరచు జరుగుతుంది. అందుకే సుప్రీంకోర్టు 2020 నవంబరులో రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. ఇరువురూ తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రంలో వెల్లడించాలి. మనోవర్తిని అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కించాలి.

"జీతంలో మూడో వంతు" అని జనం నోట వినిపించే లెక్క ఈ చట్టంలో ఎక్కడా లేదు. ఇరువురి ఆదాయం, ఆస్తి, ప్రవర్తన, అలవాటైన జీవన స్థాయి చూసి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. సొమ్ము ఒకేసారి గాని, నెలనెలా గాని ఇప్పించవచ్చు. అవసరమైతే చెల్లించవలసినవారి స్థిరాస్తిని దానికి పూచీగా ఉంచవచ్చు. తీసుకునేవారు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ ఉత్తర్వును కోర్టు మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు.

ఇవి గాక, తనను తాను పోషించుకోలేని భార్యకు మతంతో నిమిత్తం లేకుండా మరొక మార్గం కలదు. పూర్వపు నేర ప్రక్రియా స్మృతిలో 125వ సెక్షనుగా ఉన్న ఈ నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనుగా అమలులో ఉన్నది. పునర్వివాహం చేసుకోని విడాకులు పొందిన స్త్రీకీ ఇది వర్తిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీలు కూడా 125వ సెక్షను కింద కోరవచ్చునని 2024 జూలైలో, తెలంగాణకే చెందిన మరొక కేసులో తీర్పు వచ్చింది. తగిన కారణం లేకుండా చెల్లించనివారికి ఒక్కొక్క నెల బకాయికి నెల వరకు జైలు విధించవచ్చు.

రాజీ పత్రం

ఉమ్మడిగా తీసుకున్న ఇంటి రుణం విడాకులతో విడిపోదు. వాయిదాలు ఒకరే కడతారని ఇద్దరూ రాసుకున్నా, బ్యాంకు ఒప్పుకొని పత్రాలు మార్చేవరకు ఇద్దరూ బాధ్యులే. బీమా, బ్యాంకు ఖాతాలలో నామినీ పేరు మార్చుకోవడం చాలామంది మరచిపోతారు. పిల్లల పోషణ పిల్లల హక్కు. తల్లి తన భరణం వదులుకున్నంత మాత్రాన అది పోదు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనుకంజ వేయనక్కరలేదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం (1987) ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ఇందుకు దరఖాస్తు ఇవ్వవచ్చు.