కాలిపర్‌ని పట్టుకునేదెవరు?

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం చేత పట్టిన వెర్నియర్ కాలిపర్ వేరు, కారు చక్రంలో ఉండే కాలిపర్ వేరు. ఈ రెండోది డిస్కుని రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో నొక్కిపట్టే దవడ. బ్రేకులు మార్చాలి అనగానే మనవాళ్ళ చూపంతా దాని మీదే. ఎన్ని పిస్టన్లు, ఏ కంపెనీ, ఎరుపా పసుపా? సరే, ఆ దవడ డిస్కుని పట్టుకుంటుంది. మరి దవడని పట్టుకునేదెవరు? దాన్ని స్టీరింగ్ నకిల్‌కి కలిపే చిన్న లోహపు పలక, అంటే బ్రాకెట్. కొన్నిసార్లు అది బజార్లో దొరకదు. మనమే గీసుకుని కోయించుకోవాలి.

1989లో మాజ్డా కంపెనీ తెచ్చిన మియాటా అనే రెండు సీట్ల చిన్న కారుని చూడండి. అమెరికాలో వారాంతాల్లో ట్రాక్ మీదికి వెళ్ళేవాళ్ళకి అది ముద్దుబిడ్డ. మొదట్లో ఇంజను 1.6 లీటర్లు, ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లు. 1994 మోడల్‌కి ఇంజను 1.8 అయింది, ముందు డిస్కు 255 అయింది. ముందు కాలిపర్ మాత్రం అదే! మారింది దాన్ని మోసే బ్రాకెట్. వ్యాసం 20 పెరిగితే వ్యాసార్ధం 10 పెరుగుతుంది కదా, కాలిపర్‌ని అంతే దూరం బయటికి జరిపారు. పాత కార్లవాళ్ళు ఇప్పటికీ ఆ డిస్కూ బ్రాకెట్టూ తెచ్చి బిగించుకుంటారు. అది చాలదు, నాలుగు పిస్టన్ల వేరే కంపెనీ కాలిపర్ కావాలంటే మాత్రం నకిల్ రంధ్రాలూ కాలిపర్ రంధ్రాలూ కలవవు. మన డ్రాయింగ్ పని అక్కడ మొదలవుతుంది.

దానికన్నా ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. పెద్ద బ్రేకు వేసినంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగిపోదు. పాత బ్రేకే చక్రాన్ని లాక్ చేయగలుగుతున్నప్పుడు, ఆపే దూరాన్ని నిర్ణయించేది టైరు పట్టు. పెద్ద డిస్కు లాభం వేడి దగ్గర తెలుస్తుంది. 1,050 కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే వచ్చే వేడితో లీటరుంబావు నీళ్ళని మరిగే దాకా తేవచ్చు. ట్రాక్ మీద ఇది ప్రతి మలుపులోనూ జరుగుతుంది. ఇంకో మాట, ముందు బ్రేకుని మాత్రమే బాగా పెంచితే ముందు చక్రాలు తొందరగా లాక్ అయి, వెనక చక్రాల పట్టు వాడకుండానే మిగిలిపోతుంది. అప్పుడు కారు ఆగే దూరం పెరిగినా పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క. డ్రైవరుతో కలిపి ఆ 1,050 కిలోల కారునే తీసుకుందాం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వాలి, ముందు రెండు చక్రాల మీద కలిపి సుమారు 7,300 న్యూటన్లు పడుతుందనుకోండి. ఒక్కో చక్రానికి 3,650. టైరు, రోడ్డు మధ్య ఘర్షణ గుణకం 0.9 అయితే రోడ్డు వెనక్కి లాగే బలం దాదాపు 3,300 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 0.285 మీటర్లు కాబట్టి టార్క్ 940 న్యూటన్ మీటర్లు. ఇంత టార్క్‌నీ ప్యాడ్ల దగ్గర ఆపాలి. 255 డిస్కు మీద ప్యాడ్ మధ్యభాగం కేంద్రం నుంచి 105 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, 940ని 0.105తో భాగించండి. దాదాపు 8,950 న్యూటన్లు! అంటే పద్దెనిమిది సిమెంటు బస్తాల బరువు, అరచేతిలో పట్టే పలక మీద. రోడ్డు ఇచ్చిన బలానికి ఇది రెండున్నర రెట్లకి పైనే, ఎందుకంటే డిస్కు టైరుకన్నా చిన్నది. పలక విరిగితే కాలిపర్ డిస్కుతో పాటు తిరిగి చక్రానికి కొట్టుకుంటుంది, గొట్టం తెగుతుంది, ఆయిల్ పోతుంది.

బోల్టు మేకులాగా అడ్డంగా నిలబడి ఈ బలాన్ని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు పని రెండు ముఖాల్ని గట్టిగా అదిమి ఉంచడం. జారకుండా ఆపేది ఆ ముఖాల మధ్య ఘర్షణ. 8.8 గ్రేడ్ ఎం10 బోల్టుని సరిగ్గా బిగిస్తే సుమారు 26,000 న్యూటన్ల బిగింపు వస్తుంది. ఘర్షణ గుణకం 0.15 వేసుకుంటే రెండు బోల్టులూ కలిసి ఆపేది 7,800. మనకి కావాల్సింది 8,950. చాలదు! 10.9 గ్రేడ్ వేస్తే 10,800 వస్తుంది గానీ అదీ బొటాబొటీయే. అదే గ్రేడ్‌లో ఎం12 వేస్తే 15,700. ఇప్పుడు నిద్ర పడుతుంది. బోల్టు తెగకపోయినా, జారడం మొదలైతే బ్రేకు వేసిన ప్రతిసారీ రంధ్రంలో అటూ ఇటూ కదిలి వదులవుతుంది. అందుకే టార్క్ రెంచ్ లేకుండా ఈ పనికి దిగకండి. ముఖాల మీద పెయింట్ కూడా వద్దు, అది నలిగి బిగింపు తగ్గిపోతుంది.

పైగా కాలిపర్ నకిల్ ముఖానికి 15 మిల్లీమీటర్లు పక్కకి ఉంటే, అదే బలం పలకని మెలితిప్పుతూ 134 న్యూటన్ మీటర్ల మూమెంట్‌ని అదనంగా మోపుతుంది. పలక మందం తేల్చేది ఎక్కువగా ఇదే.

కష్టమంతా కొలతల్లో ఉంది. సాలిడ్‌వర్క్స్ తెరిచే ముందు అట్ట కత్తిరించి చూడండి, తర్వాత ఎం.డి.ఎఫ్. చెక్కతో. కాలిపర్ గాడి మధ్యలోకి డిస్కు రావాలి. ప్యాడ్ పై అంచు డిస్కు అంచుని దాటి బయటికి రాకూడదు. వస్తే ఆ భాగం అరగక గట్టులా మిగిలిపోతుంది. చక్రం బిగించి చూస్తే కాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి, సస్పెన్షన్ పూర్తిగా వేలాడదీసి, గొట్టం లాగుతోందేమో చూడండి. ఇక బ్లీడ్ నిపుల్. కుడి కాలిపర్‌ని ఎడమకి వేసినా చక్కగా బిగుస్తుంది, కానీ నిపుల్ కిందికి వస్తుంది. గాలేమో పైన ఉంటుంది. ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

పలకకి మైల్డ్ స్టీల్ చాలు, కాస్త బరువు అంతే. అల్యూమినియం వాడాలనుకుంటే 6061-టీ6 లాంటిది తీసుకోండి. మూలలు గుండ్రంగా తిప్పండి, మరలు కనీసం ఒకటిన్నర వ్యాసాల లోతు దిగేలా చూడండి. వేడికి దాని బలం తగ్గుతుందనీ మర్చిపోకండి.

రోడ్డు మీద తిరిగే బండికి ఇలాంటి మార్పులు సొంతంగా చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం. కాబట్టి ఇదంతా ట్రాక్ బండికో, మన బాహా టీము బండికో మాత్రమే. బాహాలో నాలుగు చక్రాలూ లాక్ అయితేనే బ్రేక్ టెస్ట్ పాస్, అంటే టైరు ఇవ్వగలిగిన మొత్తం బలం ఈ పలక మీదికి వచ్చి తీరుతుంది.

బిగించాక ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు డయల్ గేజ్‌తో కాలిపర్ ఎంత కదులుతోందో చూడండి. తర్వాత ఖాళీ మైదానంలో మెల్లగా మొదలుపెట్టి పది, పదిహేను సార్లు ఆపండి. ముందే ప్రతి బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచుకోండి. తిరిగొచ్చాక ఆ గీత ఎక్కడైనా తెగి కనబడితే, మళ్ళీ బిగించేసి ఊరుకోవద్దు. విప్పి, ముఖాలు రెండూ చూసి, కొత్త బోల్టు వేయండి.